నెమ్మదిగా ఎగిరే చిన్న విద్యుత్ రేడియో విమానం: ఎంపికలో చూడవలసిన విషయాలు

నేలపై నిలబడి రేడియో తరంగాలతో నడిపే నమూనా విమానాలలో, బ్యాటరీ శక్తితో పనిచేస్తూ, మనిషి గట్టిగా పరుగెత్తే వేగంతోనే గాలిలో నిలువగలిగే తేలికపాటి తరగతిని ‘స్లో ఫ్లయర్’ అని పిలుస్తారు. విమానం నడపడం కొత్తగా నేర్చుకొనేవారికి ఇదే తగినది. చేతి పొరపాటును సరిదిద్దుకొనడానికి రెండు మూడు క్షణాల వ్యవధి దొరకడమే ఇందుకు కారణం. వేగవంతమైన విమానంలో ఆ వ్యవధి ఉండదు. కొన్న రోజే ముక్కలై అటక ఎక్కే విమానాలలో అధికభాగం అటువంటివే.

విద్యుత్ మోటారుతో రేడియో విమానం ఎగరడం కొత్త సంగతి కాదు. 1957 జూన్ 30న బ్రిటన్‌లో కర్నల్ హెచ్.జె. టాప్లిన్ ‘రేడియో క్వీన్’ అనే నమూనాను వెండి-జింకు బ్యాటరీతో ఎగురవేశాడు. అయితే ఆ తరువాత దశాబ్దాల పాటు బ్యాటరీ బరువే ఈ విద్యకు ప్రతిబంధకంగా ఉండిపోయింది. 2000 తరువాతి దశకంలో లిథియం పాలిమర్ బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు చౌకగా దొరకడంతో పరిస్థితి మారింది. తైవాన్‌కు చెందిన జీడబ్ల్యూఎస్ సంస్థ తయారుచేసిన ‘స్లో స్టిక్’ ఆ కాలంలో ఎందరికో తొలి విమానమైంది. హాబీజోన్ పేరుతో వచ్చిన ‘చాంప్’ రెక్కల పొడవు 519 మిల్లీమీటర్లు కాగా, బరువు కేవలం 38 గ్రాములు.

పెట్టెపై ‘నేర్చుకొనేవారికి’ అని ముద్రించి ఉన్నంత మాత్రాన విమానం నెమ్మదిగా ఎగరదు. ఎంత నెమ్మదిగా ఎగరగలదో నిర్ణయించేది రెక్కల విస్తీర్ణంపై పడే బరువు. ఈ లెక్కను కొనేవారే చేసుకొనవచ్చు. రెక్కలు ఈ కొన నుంచి ఆ కొనకు 100 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే విస్తీర్ణం 2,000 చదరపు సెంటీమీటర్లు, అనగా 20 చదరపు డెసిమీటర్లు. బ్యాటరీతో కలిపి విమానం 300 గ్రాములు తూగితే ఒక్కొక్క చదరపు డెసిమీటరుపై 15 గ్రాముల భారం పడుతుంది. అటువంటి విమానం గంటకు సుమారు 18 కిలోమీటర్ల వేగం వరకు తగ్గినా గాలిలో నిలుస్తుంది. అవే రెక్కలతో బరువు 600 గ్రాములైతే కనీస వేగం 25 కిలోమీటర్లకు పెరుగుతుంది. చూడడానికి ఇది పెద్ద తేడా అనిపించకపోవచ్చు. కాని బరువు రెట్టింపై, దానితో పాటు వేగమూ పెరిగినందువల్ల, నేలను గుద్దుకొన్నప్పుడు తగిలే దెబ్బ నాలుగు రెట్లవుతుంది.

కనుక మొదటి విమానానికి చదరపు డెసిమీటరుకు 15 గ్రాములు దాటని భారం మంచిది. విక్రేత బరువు చెప్పినప్పుడు అది బ్యాటరీతోనా, బ్యాటరీ లేకుండానా అని తప్పక అడగాలి. రెండింటికీ మధ్య తేడా తక్కువ కాదు. కిరాణా దుకాణంలోని ఎలక్ట్రానిక్ త్రాసు ఈ పనికి చాలును.

తేలిక విమానానికి ఒక లోపమూ ఉంది. గాలిపటానికి గాలి వీయాలి. ఈ విమానానికి గాలి ఆగాలి. గంటకు 22 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో నేలపై ఉన్నవారికి 7 కిలోమీటర్ల వేగంతో పాకుతున్నట్లు కనిపిస్తుంది. వెనుదిరిగిన మరుక్షణం అదే విమానం 37 కిలోమీటర్ల వేగంతో ఊరి చెరువు దాటి పోతుంది. చెట్ల ఆకులు మాత్రమే గలగలలాడితే ఎగురవేయవచ్చు. చిన్న కొమ్మలు ఆగకుండా ఊగుతుంటే ఆ పూట మానుకొనాలి. బళ్ళారి, రాయచూరు మెట్ట పొలాలలో ఆషాఢపు గాలి వీచే రోజులు ఇందుకు పనికిరావు. యానాంలో మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది. ఎక్కడైనా సూర్యోదయం తరువాతి గంట, ప్రొద్దుగ్రుంకే ముందరి అరగంట అనుకూలమైన వేళలు. సంక్రాంతి రోజులలో ఆకాశం నిండా గాలిపటాల దారాలు ఉంటాయి కనుక ఆ వారం విమానాన్ని దింపి ఉంచడమే మేలు.

ఆకారం విషయానికి వస్తే, రెక్కలు శరీరానికి పైన అమర్చి, కొనలు కొద్దిగా పైకి లేచి ‘వి’ ఆకారంలో ఉన్న విమానాన్నే ఎంచుకొనాలి. అటువంటిది ఒక ప్రక్కకు ఒరిగినా, చేయి వదిలితే తనంతట తానే నిటారుగా సర్దుకొంటుంది. యుద్ధవిమానాల నమూనాలు పిల్లలను ఎంత ఆకర్షించినా తొలి విమానంగా తగవు. రెక్కల పొడవు 80 సెంటీమీటర్ల నుంచి మీటరు వరకు ఉంటే పొలంలో దూరానికి కూడా ఏ వైపు తిరిగిందో కనిపిస్తుంది. చాంప్ వంటి అతి చిన్నవి యాభై అడుగులు దాటితే పిచ్చుకలా కనిపించి కంటికి శ్రమ కలిగిస్తాయి. అవి బడి ఆవరణకో, పెద్ద హాలుకో తగినవి.

తిరునాళ్ళలోనూ, బొమ్మల దుకాణాలలోనూ దొరికే రెండు మోటార్ల విమానాలలో చుక్కాని గాని, తోకపై కదిలే పలక గాని ఉండవు. ఒక మోటారును ఎక్కువ వేగంతో త్రిప్పి మలుపు తీసుకొంటాయి. గాలి లేని చోట అవి ఆనందాన్నే ఇస్తాయి. నేర్చుకొనడానికి మాత్రం ఉపకరించవు. మోటారు వేగం, ఎత్తు మార్చే ఎలివేటర్, దిశ మార్చే రడ్డర్ అనే మూడు నియంత్రణలు వేరువేరుగా ఉన్న విమానం నేర్చుకొనేవారికి సరిపోతుంది. రెక్కలపై ఏలెరాన్లు గల నాలుగు నియంత్రణల విమానం తరువాతి మెట్టు. ఇటీవలి నమూనాలలో ఒరుగుడును సరిదిద్దే గైరో కూడా అమర్చి వస్తున్నది. అదనపు ఖర్చు భరించగలిగితే అది వృథా కాదు.

రేడియో 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేసేదై ఉండాలి. పాత 35, 72 మెగాహెర్ట్జ్ సెట్లలో ఒకే ఛానెల్‌పై ఇద్దరు ఎగురవేస్తే ఒకరి విమానం కూలిపోయేది. కొత్త పద్ధతిలో ఆ బాధ లేదు. పాతసామాను మార్కెట్లో చౌకగా వచ్చిందని పాత సెట్టు కొనరాదు. మోటారు వేగాన్ని ఎడమ చేతి కర్రతో నియంత్రించేది ‘మోడ్ 2’, కుడి చేతితో నియంత్రించేది ‘మోడ్ 1’. నేర్పేవారు ఏది వాడుతున్నారో అదే కొనాలి. ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ శిక్షణలో నమూనా విమానాల విద్య కూడా ఒక భాగం కనుక, ఆ విభాగం ఉన్న కళాశాల సమీపంలో ఉంటే అక్కడ విచారించవచ్చు.

విమానం దేనితో తయారైందో కూడా గమనించాలి. థర్మోకోల్ రకం తేలిక, చౌక, కాని పుటుక్కున విరుగుతుంది. ఇ.పి.పి. అనే నురుగు పదార్థం వంగి తిరిగి సాగుతుంది; దెబ్బలు తినడానికి అదే మేలు. థర్మోకోల్‌కు తక్షణం అతికే మామూలు జిగురు పూస్తే పదార్థం కరిగి గుంట పడుతుంది. తెల్లటి వడ్రంగి జిగురు ఆలస్యంగా ఆరినా హాని చేయదు.

బ్యాటరీ దగ్గర కుటుంబ పెద్దలు ప్రత్యేక శ్రద్ధ వహించాలి. లిథియం పాలిమర్ సెల్ సాధారణ వోల్టేజి 3.7, పూర్తిగా నిండినప్పుడు 4.2. వాడుతూ 3.0 కంటే దిగువకు తీసుకొనిపోతే అది పాడవుతుంది. ఎక్కువగా ఛార్జి చేసినా, దెబ్బ తగిలి ఉబ్బినదాన్ని ఛార్జి చేసినా మంట అంటుకొనే ప్రమాదం ఉంది. గడ్డివాము ప్రక్కన, పరుపు మీద, రాత్రి అందరూ నిద్రిస్తుండగా ఛార్జి చేయడం ఎన్నడూ తగదు. గచ్చు నేలపై, ఎదుట మనిషి ఉండగా, ఆ బ్యాటరీకి తగిన ఛార్జరుతోనే చేయాలి. 500 ఎం.ఎ.హెచ్. బ్యాటరీని అర ఆంపియరుతో నింపితే సుమారు గంట పడుతుంది. అదే బ్యాటరీ 5 ఆంపియర్ల వాడకంలో ఆరు నిమిషాలకే ఖాళీ అవుతుంది కనుక నాలుగున్నర నిమిషాలకు దిగడం క్షేమం. రెండవ బ్యాటరీ కొనడం, మొదటిదాన్ని పూర్తిగా పిండడం కంటే తెలివైన పని.

నిబంధనల విషయంలో సరిహద్దు గ్రామాలవారికి ఒక సౌలభ్యం ఉంది. పొలం కర్ణాటకలో, ఇల్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా వర్తించేవి కేంద్ర ప్రభుత్వపు 2021 డ్రోన్ నిబంధనలే. వినోదానికి కంటిచూపు మేరలో ఎగురవేసే నమూనా విమానాలు కూడా వీటి పరిధిలోకి వస్తాయి. 250 గ్రాములు మించనిది ‘నానో’ తరగతి. దానిని నడపడానికి పైలట్ ధ్రువపత్రం అవసరం లేదు. మీటరు రెక్కల విమానం ఈ పరిమితిలో ఉంటే రెక్కల భారమూ సహజంగానే తక్కువగా ఉంటుంది. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అక్కరలేదు. ఎరుపు మండలంలో కేంద్రం అనుమతి లేనిదే ఎగురవేయరాదు. తోరణగల్లు దగ్గరి విద్యానగర్, హోసూరు ప్రక్కన బెళగొండపల్లి, కోరాపుట్ జిల్లా జయపురం విమానతలాల చుట్టుప్రక్కల నివసించేవారు గగనతల పటంలో తమ ఊరు ఏ రంగులో ఉందో ముందుగా చూసుకొనాలి.

ఎగురవేసే చోటు ఎంపికలో కరెంటు తీగలకే మొదటి పరిశీలన. పంపుసెట్ల లైన్లు పొలాల మధ్యగా పోతుంటాయి. తీగలలో చిక్కిన విమానాన్ని కర్రతో తీయబోవడం ప్రాణాంతకం. విద్యుత్ శాఖవారిని పిలవడమో, విమానాన్ని వదులుకొనడమో తప్ప మరో మార్గం లేదు. వరి కోసిన మడిలో దుబ్బులు రెక్కలకు గుచ్చుకొంటాయి కనుక పచ్చిక బీడే మేలు. విమానంతో పాటు మూడు నాలుగు విడి ప్రొపెల్లర్లు కొనాలి, ఎందుకంటే మొదటి వారంలో విరిగేవి అవే. ఆ సైజు ప్రొపెల్లర్ మన ప్రాంతంలో దొరకదని విక్రేత చెబితే, ఆ విమానం ఎంత చౌకైనా వేరేది చూడవచ్చు.