చందవరం శిల్పం చోరీ: గుండ్లకమ్మ ఒడ్డు నుంచి కాన్‌బెర్రా దాకా

దొనకొండకు సమీపంలో, గుండ్లకమ్మ నది ఒడ్డున ఉన్న ఊరు చందవరం. 1972-77 మధ్య జరిగిన తవ్వకాల్లో ఇక్కడి బౌద్ధ స్తూపం వెలుగుచూసింది. దొరికిన శిల్పాలను అక్కడి చిన్న మ్యూజియంలోనే ఉంచారు. వాటిలో బుద్ధుడిని పూజిస్తున్న భక్తులను చెక్కిన సున్నపురాయి ఫలకం ఒకటి. క్రీ.శ. 3వ శతాబ్దం నాటిది. 2000 తర్వాత అది మాయమైంది.

2005లో అదే ఫలకం ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీకి చేరింది. న్యూయార్క్ డీలర్ నాన్సీ వీనర్ నుంచి గ్యాలరీ దీన్ని 5,95,000 డాలర్లకు కొన్నది.

ఇలాంటి అమ్మకాల్లో తరచూ వినిపించే కథ ఒకటుంది: వస్తువు 1970కి ముందే దేశం దాటిందని. పురావస్తువుల అక్రమ రవాణాపై యునెస్కో ఒప్పందం కుదిరింది ఆ ఏడాదే మరి. చందవరం విషయంలో ఆ కథ నిలబడే వీల్లేదు. ఫలకం ఊరి మ్యూజియంలో ఉండగా తీసిన పాత ఫొటోలు బయటపడ్డాయి. కేసును తేల్చింది పోలీసు గాలింపు కన్నా ఆ ఫొటోలే అనాలి.

2016 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ఫలకాన్ని భారత్‌కు అప్పగించింది. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్‌లో వీనర్ అరెస్టయ్యారు. దొంగిలించిన పురావస్తువుల వ్యాపారం, కుట్ర అభియోగాల్లో 2021లో నేరం ఒప్పుకున్నారు.

ఫొటో లేని శిల్పాలది వేరే కథ. పోయిందని ఫిర్యాదు చేసినా, విదేశీ గ్యాలరీలో ఉన్నది అదేనని చూపడానికి ఆధారం ఉండదు.