స్క్విడ్, ఆక్టోపస్: ఆసియా దేశాల మధ్య వ్యాపారం ఎలా సాగుతుంది?

తమిళనాడులో కనవాయ్, మంగళూరులో బొండాస్, మహారాష్ట్రలో మాకుల్. మన కుటుంబాలు స్థిరపడిన తీరాల్లో స్క్విడ్‌ను పిలిచే పేర్లివి. మన పళ్ళెంలో ఇది అరుదే అయినా మన రేవుల నుంచి విదేశాలకు వెళ్ళే సరకులో దీనిది ముఖ్యమైన స్థానం. ఈ వ్యాపారంలో పట్టిన దేశం ఒకటి, శుభ్రం చేసి ప్యాక్ చేసే దేశం ఇంకొకటి, తినే దేశం మరొకటి కావడం మామూలే. సరకు ఎక్కడ, ఏ పడవ పట్టిందో చెప్పే కాగితాలకు ఇప్పుడు ఇంత విలువ రావడానికి కారణం అదే.

మూడు రకాలు

స్క్విడ్ శరీరం పొడవుగా ఉంటుంది, లోపల పలుచని పారదర్శకమైన ఈనె ఉంటుంది. కటిల్‌ఫిష్ వెడల్పుగా ఉంటుంది, లోపల మందమైన తెల్లని గుల్ల ఉంటుంది. ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులు, లోపల ఎముక లాంటిదేమీ ఉండదు. అంతర్జాతీయ కస్టమ్స్ పట్టికలో ఈ మూడూ 0307 శీర్షిక కింద వస్తాయి. ఆరంకెల కోడ్‌లో స్క్విడ్, కటిల్‌ఫిష్ కలిసే ఉంటాయి (గడ్డకట్టించినవైతే 030743), ఆక్టోపస్‌కు వేరే కోడ్ ఉంది (030752). వండి లేదా నిల్వచేసి తయారుచేసిన సరకు 1605 కిందికి వెళుతుంది. అందుకే చాలా దేశాల లెక్కల్లో స్క్విడ్ ఎంత, కటిల్‌ఫిష్ ఎంత అన్నది విడిగా కనిపించదు.

ఎవరు అమ్ముతారు, ఎవరు కొంటారు

ఆసియాలో ప్రధాన అమ్మకందారులు చైనా, భారత్, వియత్నాం, థాయ్‌లాండ్, ఇండోనేసియా. ప్రధాన కొనుగోలుదారులు జపాన్, దక్షిణ కొరియా. అయితే ఈ గీత అంత స్పష్టమైనది కాదు. చైనా పడవలు పెరూ, అర్జెంటీనా దేశాలకు సమీపంలోని అంతర్జాతీయ జలాల్లో స్క్విడ్ పడతాయి. జెజియాంగ్ రాష్ట్రంలోని జౌషాన్ ఆ సరకుకు పెద్ద కేంద్రం. చైనా, థాయ్‌లాండ్, వియత్నాం ఒకవైపు ముడిసరకు దిగుమతి చేసుకుంటూనే మరోవైపు గొట్టాలు, రింగులుగా కోసి ఎగుమతి చేస్తాయి. వియత్నాం ఆక్టోపస్‌కు కొరియా పెద్ద మార్కెట్. భారత్ నుంచి వెళ్ళే స్క్విడ్, కటిల్‌ఫిష్‌లలో చాలా భాగం ఐరోపాకు పోగా, మిగిలినదానిలో కొంత చైనా, థాయ్‌లాండ్, వియత్నాం, జపాన్‌లకు చేరుతుంది.

ధర ఎందుకు ఊగుతుంది

చాలా స్క్విడ్ జాతుల ఆయుష్షు సుమారు ఏడాది. గుడ్లు పెట్టాక చనిపోతాయి. ఒక ఏడాది పిల్లలు సరిగా బతకకపోతే మరుసటి ఏడాది వల ఖాళీ. జపాన్‌లో బాగా వాడుకలో ఉన్న సురుమె ఇకా రకం పట్టుబడి 2011లో రెండు లక్షల టన్నులు దాటింది. 2022 నాటికి దాదాపు 30 వేల టన్నులకు పడిపోయింది. కొరియా తూర్పు తీరంలోనూ స్క్విడ్ బాగా తగ్గింది. ఇలా అక్కడ కొరత వస్తే బయటి సరకుకు గిరాకీ పెరుగుతుంది. దక్షిణ అమెరికా వైపు పట్టుబడి బాగుంటే ధర మళ్ళీ దిగుతుంది.

సుంకాలు, ఒప్పందాలు

జపాన్ స్క్విడ్ దిగుమతిపై కోటా విధానం అమలు చేస్తోంది. కొరియాతో భారత్‌కు 2010 నుంచి, జపాన్‌తో 2011 నుంచి సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందాలు ఉన్నాయి. చైనా, జపాన్, కొరియా, వియత్నాం, థాయ్‌లాండ్ ఉన్న ఆర్‌సెప్ ఒప్పందం 2022లో అమల్లోకి వచ్చింది. భారత్ 2019లోనే దాని చర్చల నుంచి తప్పుకుంది. ఒక సభ్య దేశం ముడిసరకును మరో సభ్య దేశం తన సరకుగా లెక్కలో చూపుకునే వీలు ఆ ఒప్పందంలో ఉంది. భారత స్క్విడ్‌కు ఆ వీలు లేదు.

కాగితం లేనిదే సరకు కదలదు

దొంగ చేపల వేటను అడ్డుకోవడానికి ఐరోపా యూనియన్ 2010 నుంచి క్యాచ్ సర్టిఫికెట్ అడుగుతోంది. ఆ నిబంధనల విషయంలో థాయ్‌లాండ్‌కు 2015లో, వియత్నాంకు 2017లో ఎల్లో కార్డ్ హెచ్చరిక వచ్చింది. థాయ్‌లాండ్‌పై దాన్ని 2019లో ఎత్తివేశారు. జపాన్ కూడా 2022 డిసెంబర్ 1 నుంచి నాలుగు రకాల దిగుమతులకు ఇలాంటి సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. స్క్విడ్, కటిల్‌ఫిష్ అందులో ఒక రకం. ఆక్టోపస్ ఆ జాబితాలో లేదు. సరకు మధ్యలో మరో దేశంలో ప్రాసెస్ అయినా, మొదట పట్టిన పడవ వివరాలు వెంట ఉండాల్సిందే.

మన రేవులకు ఇందులో ఏముంది

మన దేశంలో క్యాచ్ సర్టిఫికెట్ ఇచ్చేది కొచ్చి ప్రధాన కేంద్రంగా ఉన్న ఎంపెడా. దరఖాస్తు చేసేది ఎగుమతిదారే అయినా, దానికి కావలసిన సమాచారం పడవ దగ్గరే పుడుతుంది: రిజిస్ట్రేషన్ నంబర్, లైసెన్సు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత పట్టారన్న వివరాలు. పూరీ, గంజాం తీరాల్లోని తెలుగు మత్స్యకారులైనా, యానాం పక్కనున్న కాకినాడ పడవలైనా, మల్పే ట్రాలర్లపై పనిచేసేవారైనా ఈ వరుసలో మొదటి మెట్టు వారే. పలు పడవల సరకు రేవులోనే కలిసిపోయి, ఏది ఎవరిదో చెప్పలేకపోతే ఆ లాట్‌ను సర్టిఫికెట్ అడిగే మార్కెట్‌కు పంపడం కష్టం. అప్పుడు కొనేవారు తగ్గుతారు, బేరమాడే బలం కూడా తగ్గుతుంది. పడవ రిజిస్ట్రేషన్, లైసెన్సు గడువు దాటకుండా చూసుకోవడం, ఏ రోజు ఏ వ్యాపారికి ఎంత తూకం ఇచ్చారో చీటీ రాయించుకుని దాచుకోవడం చిన్న పనులే. ఆ రెండూ ఉంటే పడవ యజమాని తన సరకు ఎక్కడిదో అడిగిన వెంటనే చూపగలడు.