అక్షరమా, అక్షరం బొమ్మా?

1991లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనశాల నుంచి ప్రపంచం ముందుంచిన తొలి వెబ్‌సైటులో బొమ్మలు లేవు. అక్షరాలు, వాటిలో కొన్నింటిని ఎంచుకుంటే తెరుచుకునే మరికొన్ని పుటలు, అంతే. చూపులకు బీదదే గాని, అందులోని ప్రతి మాటనూ కంప్యూటరు చదవగలదు, వెతకగలదు.

1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజర్ అక్షరాల నడుమనే బొమ్మను చూపించడంతో వెబ్‌కు జనాకర్షణ పెరిగింది. దానితోపాటే ఒక అడ్డదారీ మొదలైంది. పుటను కోరిన తీరున అమర్చే సాధనాలు అప్పటికి లేవు. అంకెలు చూపడానికి పుట్టిన పట్టికలను డిజైనర్లు పుట మొత్తాన్ని గళ్లుగా విభజించడానికి వాడుకున్నారు. నచ్చిన అక్షరాకృతి కోసం శీర్షికలను బొమ్మలుగా గీసి అతికించారు. 1996 డిసెంబరులో వెలువడిన సీఎస్ఎస్ ప్రమాణం విషయాన్నీ వేషాన్నీ విడదీసింది. అక్షరం అక్షరంగానే ఉంటుంది. రంగు, పరిమాణం, అమరిక వేరుగా రాసుకోవచ్చు. వెబ్ డిజైన్ చరిత్రలో ఇంతకు మించిన సంస్కరణ లేదని నా అభిప్రాయం. బ్రౌజర్లు దాన్ని సరిగా పాటించడానికి మాత్రం మరికొన్నేళ్లు పట్టింది.

మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను సామాన్యులకు తెరిచింది. ఆ తర్వాత వెలసిన ప్రభుత్వ సైట్ల రూపం పాఠకులకు గుర్తుండే ఉంటుంది: పైన మంత్రిగారి ఫొటో, దాని కింద పరుగెత్తే ప్రకటన, మిణుకుమిణుకుమనే ‘కొత్త’ గుర్తు, సందర్శకుల లెక్క. పౌరుడికి కావలసిన దరఖాస్తు ఏ మూలనో ఉండేది. ఎవరి కుర్చీ ఎంత ఎత్తులో ఉందో పుట చూసి చెప్పవచ్చు! 2009లో కేంద్రం ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు తెచ్చింది. అంధులకు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అక్షరం కావాలి, అక్షరం బొమ్మ పనికిరాదు. ఆ మార్గదర్శకాలు వికలాంగుల అవసరాలకు చోటిచ్చాయి.

ఈ తేడా తెలుగువారికి మరో రూపంలో అనుభవమే. తొలినాళ్లలో మన పత్రికల సైట్లు తమ సొంత ఫాంట్లు వాడేవి. కంప్యూటరులో నిలువ ఉండేది ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతం; ఫాంటు దానికి తెలుగు వేషం వేసేది. ఫాంటు లేకుంటే పిచ్చిగీతలే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాక గాని అది మామూలు కంప్యూటర్లకు చేరువ కాలేదు. ఆ పాత పుట ఇవాళ దొరికినా, అందులో ముఖ్యమంత్రి పేరు తెలుగులో కొట్టి వెతికితే యంత్రానికి కనబడదు.

తర్వాత ఫోన్ల కాలం. తెర వెడల్పును బట్టి ఒదిగే డిజైన్‌కు 2010లో ఈథన్ మార్కాట్ పేరూ రూపూ ఇచ్చారు. 2016లో జియో రాకతో చవకైన డేటా కోట్లాది ఫోన్లకు చేరింది. ప్రభుత్వ సైట్లూ నాజూకయ్యాయి. అయితే 2018లో ఎన్నికల సంఘం ముసాయిదా ఓటర్ల జాబితాలను వెతకడానికి వీలుకాని బొమ్మ పీడీఎఫ్‌లుగా పెట్టడం మొదలుపెట్టింది. వెతకదగిన రూపం కావాలని కమల్‌నాథ్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. కావాలంటే పిటిషనరే తన శ్రమతో మార్చుకోవచ్చని న్యాయస్థానం ఆ అక్టోబరులో చెప్పింది.

ఓటరు గోప్యత కోసమన్న సంఘం వాదన తీసిపారేయదగినది కాదు. కానీ బొమ్మను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేరూ మనుషులూ డబ్బున్న పార్టీకి అందుబాటులోనే ఉంటాయి. అడ్డు పడేది చిన్న పార్టీకి, స్వచ్ఛంద సంస్థకు, విలేకరికి. అంటే ఈ తాళం దొంగను ఆపదు, ఇరుగుపొరుగును ఆపుతుంది.

2025 ఆగస్టు 14న బిహార్ ప్రత్యేక సవరణ కేసులో, ముసాయిదాలో చోటు దక్కని సుమారు 65 లక్షల పేర్లను కారణాలతో సహా జిల్లా వెబ్‌సైట్లలో ఉంచాలనీ, ఓటరు కార్డు నంబరుతో వెతికే వీలుండాలనీ సుప్రీంకోర్టు ఆదేశించింది. కార్డు నంబరు చేతిలో ఉన్నవారు తమ పేరు ఎందుకు పోయిందో తెలుసుకోగలరు. ఒకే చిరునామాలో ఎందరు ఓటర్లున్నారో, ఒకే మనిషి రెండు నియోజకవర్గాల్లో ఉన్నాడో లేడో తేల్చాలంటే మాత్రం జాబితా మొత్తం అక్షరాల్లో ఉండాలి.