దారి తప్పిన పొర: ఎండోమెట్రియాసిస్ కథ

గర్భాశయపు లోపలి పొర నెలనెలా పెరిగి, గర్భము నిలువనిచో రక్తముతో కలిసి వెలుపలికి పోవును. అట్టి పొరను పోలిన కణజాలము గర్భాశయమునకు బయట, అండాశయములమీదనో ఉదరములోని ఇతర అవయవములమీదనో పెరుగుటయే ఎండోమెట్రియాసిస్. అచ్చటను అది నెలనెలా రక్తము స్రవింపవచ్చును. కాని ఆ రక్తమునకు బయటికి దారి లేదు. అందుచే వాపు కలుగును, అవయవములు ఒకదానికొకటి అంటుకొనును, నొప్పి దుర్భరమగును. కొందరికి సంతానము కలుగుట కష్టమగును.

1860లో వియన్నాలో కార్ల్ రోకిటాన్‌స్కీ, గర్భాశయ గ్రంథులవంటివి చోటుగాని చోట పెరుగుటను వర్ణించెను. అయినను ఇది ఎట్లు సంభవించునను ప్రశ్నను గట్టిగా పట్టుకొన్నవాడు అమెరికాలోని ఆల్బనీ నగర వైద్యుడు జాన్ సాంప్సన్. 1921లో ఆయన అండాశయములలోని ‘చాకలేటు తిత్తుల’ను గూర్చి వ్రాసెను. పేరు తీయనిదేగాని, వానిలో నుండునది నిలువయుండి నల్లబడిన రక్తము! బహిష్టు సమయమున శస్త్రచికిత్స చేసి చూడగా, ఆ తిత్తుల పొరయు గర్భాశయపు పొరవలెనే ప్రవర్తించుట ఆయనకు కనబడెను. బహిష్టు రక్తములో కొంత అండనాళముల గుండా వెనుకకు పారి, అందలి కణములు ఉదరములో నాటుకొనునని 1927లో ఆయన ప్రతిపాదించెను.

ఊహ చక్కనిదే, కాని చాలదు. 1984లో వెలువడిన ఒక పరిశీలనలో, అండనాళములు మూసికొనిపోని స్త్రీలలో నూటికి 90 మందికి ఉదరములో బహిష్టు రక్తము కనబడినది. వ్యాధి మాత్రము సుమారు పదిమందిలో ఒకరికే వచ్చును. వంశపారంపర్యము, రోగనిరోధక శక్తి, హార్మోనులు కూడ ఇందు పాలుపంచుకొనునని నేటి శాస్త్రజ్ఞుల భావన.

ఈ సందు చూచికొని సమాజపు అభిప్రాయములు శాస్త్రములో దూరినవి. 1940ల ప్రాంతమున బోస్టన్ వైద్యుడు జో మెగ్స్, వివాహమును సంతానమును ఆలస్యము చేయుటయే దీనికి మూలమనెను. క్రమముగా ఇది చదువుకొన్న, ఉద్యోగము చేయు తెల్లజాతి స్త్రీల జబ్బని ముద్ర పడెను. నల్లజాతి స్త్రీ అదే నొప్పితో వచ్చినచో కటిభాగపు అంటురోగమని చికిత్స చేసి పంపుట జరుగుచుండెను. ఇట్టి పొరపాట్లు తరచుగా జరుగుచున్నవని 1976లో డొనాల్డ్ చాట్‌మన్ అను వైద్యుడు చూపెను. గర్భము ధరించిన తగ్గిపోవునను సలహా కూడ చాలకాలము నిలిచినది. గర్భము ఈ వ్యాధిని నయము చేయదు.

నొప్పి తీవ్రతకును, పెరిగిన కణజాలపు పరిమాణమునకును పొత్తు కుదరదు. చిన్న మచ్చలే ఉన్న బాలిక బడికి పోలేక పడియుండవచ్చును. పెద్ద తిత్తి గల స్త్రీకి నొప్పి లేకపోవచ్చును. హార్మోను మందులు, శస్త్రచికిత్స ఉపశమనమిచ్చును. శాశ్వత నివారణ ఇంకను లేదు. తొలి లక్షణమునకును రోగనిర్ణయమునకును నడుమ 4 నుండి 12 ఏండ్లు గడచుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.