బినామీ పొలం నుంచి బినామీ ఖాతా దాకా

పోస్టు కొంచెం పెద్దది, చివరిదాకా చదవండి.

పోయిన నెల మా హాస్టల్ల ఒక తమ్ముడిని ఎవరో కలిసిండు. మాదాపూర్‌లో ఆఫీసు ఉందన్నడట. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము మూడు నెలలు ఇయ్యి, ఐదు వేలిస్త. మా కంపెనీ డబ్బులు పడతయ్, మేమే తీసుకుంటం" అన్నడు. తమ్ముడు వచ్చి నన్నడిగిండు: "అన్నా, ఆ డబ్బు నేను ముట్టను కదా, తప్పేముంది?" అప్పుడు నాకు సరిగ్గా చెప్పరాలేదు. తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివి ఇది రాస్తున్నా.

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. రెండేళ్లకు, 2000 అక్టోబర్ 17 నుంచి, దేశంలో ఐటీ చట్టం అమల్లోకి వచ్చింది. అప్పట్లో కంప్యూటర్ అంటే ఆ అద్దాల మేడల్లో బల్ల మీదుండే పెట్టె. మన గూడేల్లో అది ఎవరూ చూడలేదు. ఆ చట్టం మనది కాదనే అనుకున్నాం.

అది మన జేబులోకి ఎట్లా వచ్చిందో చెప్పే కేసు మన హైదరాబాద్‌దే. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ ఒక స్కీము పెట్టింది. 10,500 రూపాయల ఫోను ముందు 3,350 కడితే ఇస్తారు, మూడేళ్లు వాళ్ల నెట్‌వర్క్‌లోనే ఉండాలి. ప్రతి ఫోనులో కంపెనీ వేసిన ఒక సీరియల్ నంబర్ ఉంటుంది. అది సరిపోతేనే నెట్‌వర్క్ కాల్ వెళ్లనిస్తుంది. టాటా ఇండికామ్ ఉద్యోగులు ఆ నంబర్లు మార్చి కస్టమర్లను తమ వైపు తిప్పుకున్నారని ఫిర్యాదు వచ్చింది. సీఐడీ కేసు పెట్టింది. కేసు కొట్టేయమని వాళ్లు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. సయ్యద్ అసిఫుద్దీన్ కేసు అంటారు దాన్ని.

ఫోను కంప్యూటరా కాదా? హైకోర్టు 2005 జులై 29న తీర్పు చెప్పింది. లెక్క చేసేది, గుర్తుపెట్టుకునేది, సమాచారాన్ని వేగంగా నడిపించేది ఏదైనా చట్టం ప్రకారం కంప్యూటరే, సెల్‌ఫోన్ కూడా అంతే అంది. మోసం, కుట్ర సెక్షన్లు కొట్టేసింది కానీ ఐటీ చట్టం 65వ సెక్షన్ కింద దర్యాప్తు సాగాలంది. 2009 అక్టోబర్ 27న అమల్లోకి వచ్చిన సవరణలో సెల్‌ఫోన్ పేరే నేరుగా చట్టంలో చేరింది. కంప్యూటర్ ల్యాబ్ మొహం చూడకముందే, మొదటి ఫోను కొన్న రోజే మనం ఈ చట్టం కిందికి వచ్చేశాం.

ఇప్పుడు ఊరి సంగతికి వద్దాం. 1/70 మనందరికీ తెలుసు. 1959 నాటి ఒకటో రెగ్యులేషన్‌కు 1970లో సవరణ వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనులకే చేరాలి, బయటివాళ్లు కొనకూడదు. మరి కొందరేం చేశారు? మనోళ్ల పేరు మీద కొన్నారు. పేరు మనది, పంట వాళ్లది. మా తాత కూడా ఒక షావుకారు కోసం కాగితం మీద వేలిముద్ర వేసిండు. దానికి దక్కింది ఒక పంచె, కొంత చిల్లర. తగాదా వచ్చినప్పుడు ఆఫీసు ముందు రోజుల తరబడి నిలబడ్డది తాతే, షావుకారు కాదు.

తమ్ముడిని అడిగింది సరిగ్గా అదే. అప్పుడు వేలిముద్ర, ఇప్పుడు ఓటీపీ. ఎక్కడో ఒక ముసలాయన్ని భయపెట్టి దోచిన డబ్బు మన పేరు మీద పడి, గంటలో వేరే చోటికి పోతుంది. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీదుంటే వాళ్ల దగ్గరికే. ఫోను, కంప్యూటర్ ద్వారా వేరేవాళ్లలాగా నటించి మోసం చేస్తే 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. తెలిసి సాయపడితే 84బి ప్రకారం అదీ నేరమే. తెలియక ఇచ్చినా ఖాతా ఫ్రీజ్ అవుతుంది. స్కాలర్‌షిప్ పడేది అందులోనే కదా, అది కూడా ఆగిపోతుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినోళ్లం, కేసు పడితే లాయర్‌కు డబ్బులు ఎక్కడివి?

కాబట్టి ఖాతా, సిమ్ము, ఓటీపీ సొంత దోస్తుకైనా ఇయ్యకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే దాచుకోకండి. వెంటనే బ్యాంకులో రాతపూర్వకంగా చెప్పి ఆపించండి. ఎవరైనా మోసపోతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మన తాతలకు చదువు లేదు, కాగితంలో ఏముందో తెలియక వేలిముద్ర వేశారు. మనం చదువుకుంటున్నాం. ఈ మాట తమ్ముడికి చెప్పిన. వాడు ఆ నంబర్ బ్లాక్ చేసిండు. మీ హాస్టల్లో కూడా చెప్పండి.

జోహార్.