కొల్లూరు వజ్రాలు – వెల కట్టిన చేతులు

మన సంఘ ప్రత్యేక సంచికకు జిల్లా చరిత్ర మీద ఏదైనా వ్రాయమని మిత్రులు కోరారు. అమరావతి అనగానే స్తూపం, అమరేశ్వరాలయం, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు గుర్తుకు వస్తారు. వాటిని గూర్చి వ్రాసిన పెద్దలు చాలామంది ఉన్నారు. అదే కృష్ణ ఒడ్డున, అమరావతికి ఎగువన, ఒకప్పుడు ప్రపంచమంతా ఎరిగిన వజ్రాల గని ఉండేది. అదే బెల్లంకొండ మండలంలోని కొల్లూరు. 2022కు ముందు అది గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. ట్రెజరీలో లెక్కలు చూచి రిటైరైనవాడిని గనుక, కోహినూరు ఎవరి కిరీటంలో ఉందన్నదానికంటె ఈ రాళ్లకు వెల ఎవరు కట్టారు, ఎట్లా కట్టారు, ఆ సొమ్ము ఎవరికి చేరింది అన్నదే నాకు ఎక్కువ ఆసక్తి.

గని – కూలి

మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ వ్యవహారాలు చూచిన విలియం మెథోల్డ్ 1622 ప్రాంతంలో ఈ గనిని చూచాడు. గోల్కొండ సుల్తాను గనిని ఏటా 3 లక్షల వరహాలకు ఒక కంసాలి వర్తకునికి కౌలుకిచ్చాడనీ, 10 కారట్లకు మించిన రాళ్లు మాత్రం సుల్తానుకే చెందాలని షరతు పెట్టాడనీ వ్రాశాడు.

ఆ తర్వాత ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే వచ్చాడు. అతడు చెప్పిన ప్రకారం, తన రాకకు సుమారు నూరేండ్ల క్రితం ఒక పేదవాడు చిరుధాన్యం విత్తడానికి నేల త్రవ్వుతుంటే 25 కారట్ల రాయి దొరికిందట. అంతటితో గని మొదలైంది. అతడు వచ్చేనాటికి అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారట. మగవారు గోతులు త్రవ్వేవారు, ఆడవారు, పిల్లలు మట్టి మోసేవారు. ఆ మట్టిని నీటితో కడిగి, ఎండబెట్టి, ధాన్యం తూర్పారబట్టినట్లు చేటలతో చెరిగి, మిగిలినదానిలో రాయికోసం వెదికేవారు.

కూలి సంగతి అతడు తాను చూచిన మరొక గని, రావుల్కొండను గూర్చి వ్రాస్తూ చెప్పాడు. పని బాగా తెలిసినవానికి కూడా ఏడాదికి 3 వరహాలు! పెద్ద రాయి దొరికి యజమానికి అప్పగిస్తే బహుమానం ఒక తలపాగా గుడ్డ, దానితో అర వరహానో వరహానో. అదీ లేకపోతే కొంచెం బియ్యం, ఒక పళ్లెం చక్కెర. అందుకే కూలీలు రాళ్లు దాచేవారనీ, ఒకడు 2 కారట్ల రాయిని కంటి మూలలో దాచుకొని పట్టుబడ్డాడనీ వ్రాశాడు. దొంగతనం తప్పే. కాని ఆ జమాఖర్చు చూచినవారెవరికైనా అది ఎందుకు జరిగిందో బోధపడుతుంది.

తువ్వాలు చాటు బేరం

రాయి గుణం కనిపెట్టడం అప్పుడే ఒక శాస్త్రం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రత్నపరీక్షకు ఒక అధ్యాయమే ఉంది. వరాహమిహిరుని బృహత్సంహిత వజ్రాన్ని తూకం, దోషాలు చూచి వెలకట్టడం చెబుతుంది. గనుల దగ్గర ఆచరణ ఎట్లా ఉండేదో టావెర్నియే వర్ణించాడు. ఐరోపాలో పగటి వెలుతురులో చూచే ముడి రాయిని ఇక్కడ రాత్రిపూట చూచేవారు. గోడలో అడుగు చదరం గూడు చేసి, లావుపాటి వత్తితో దీపం పెట్టి, రాయిని వ్రేళ్ల మధ్య పట్టుకొని దాని ‘నీరు’ ఎంత స్వచ్ఛమో నిర్ణయించేవారు. నీలిచాయ ఉన్న రాయికి వెల తగ్గుతుంది. ముడి రాయిలో ఆ చాయ తెలియడం కష్టం. దానిని దట్టమైన చెట్టు క్రిందికి తీసుకుపోయి ఆ పచ్చని నీడలో చూస్తే దాగదట.

తూకానికి మంజాడి గింజ కొలత. పాశ్చాత్యులు దానినే ‘మాంజెలిన్’ అన్నారు. బేరం నోటితో కాదు. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చొని, నడికట్టు గుడ్డ చాటున చేతులు కలిపేవారు. మొత్తం చెయ్యి పట్టుకుంటే వెయ్యి, అయిదు వ్రేళ్లు పడితే అయిదు వందలు, ఒక వ్రేలు పడితే వంద, నడిమి కణుపు వరకు యాభై, చివరి కణుపు పది. చుట్టూ ఎందరున్నా ధర మూడోవానికి తెలియదు. పశువుల సంతల్లో కండువా క్రింద ఇదే బేరం మన తరంవారు చాలామంది చూచినదే. ప్రతి కొనుగోలు మీద నూటికి రెండు సర్కారుకు చెల్లించాలి.

రావుల్కొండలో మరొక వింత చూచాడు. పది మొదలు పదహారేండ్ల వయసు వర్తకుల పిల్లలు చెట్టు క్రింద కూర్చొని, ఒక ప్రక్క తూకపు రాళ్ల సంచి, మరొక ప్రక్క 500, 600 వరహాల సంచి పెట్టుకొని వజ్రాలు కొనేవారు. పెద్దవాడు మొదట చూచి మిగిలినవారికి అందించేవాడు. సాయంత్రం రాళ్లు వేరుచేసి పెద్ద వర్తకులకు అమ్మి లాభం సమంగా పంచుకొనేవారు, పెద్దవానికి మాత్రం పావు శాతం అదనం. ఒక ఇంటి పిల్లవానికి పదేండ్లకే వెలకట్టడం వచ్చు. అదే వయసు పిల్లవాడు గోతి దగ్గర మట్టి తట్ట మోస్తున్నాడు. తేడా అంతా ఇక్కడే ఉంది.

వర్గపు లెక్క

పెద్ద రాయికి వెల కట్టడానికి టావెర్నియే చెప్పిన సూత్రం మన లెక్కల వారికి నచ్చుతుంది. తూకాన్ని దానితోనే గుణించి, ఒక కారటు ధరతో హెచ్చించాలి. కారటు 150 లీవ్రులైతే 10 కారట్ల రాయి 1,500 కాదు, 15,000. ఔరంగజేబు కొలువులో తాను చూచిన ‘గ్రేట్ మొగల్’ వజ్రానికి అతడు ఇట్లాగే వెలకట్టాడు. 279 కారట్లకు లెక్కిస్తే 1,16,76,150 లీవ్రులు. ఇక్కడి కృష్ణాతీరానిదని చెప్పే నీలి వజ్రం ఒకటి, 112 కారట్ల పైచిలుకుది, అతడే పద్నాలుగవ లూయీకి అమ్మాడు. దానినుండి కోసిన ‘హోప్’ వజ్రం 1958 నుండి వాషింగ్టన్ స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

మద్రాసు బేరం

చేతులు మారినకొద్దీ వెల ఎట్లా పెరిగిందో చెప్పడానికి ఒక్క రాయి చాలు. కృష్ణాతీరపు గనులలో దొరికిన 410 కారట్ల ముడి వజ్రం అది. కొందరు పరిటాల అంటారు, కొందరు కొల్లూరు అంటారు. జాంచంద్ అనే వర్తకుడు 1701 డిసెంబరులో దానిని మద్రాసు గవర్నరు థామస్ పిట్ దగ్గరకు తెచ్చి 2 లక్షల వరహాలు అడిగాడు. బేరం సాగి సాగి చివరకు 1702లో 48,000 వరహాలకు, అంటే సుమారు 20,400 పౌండ్లకు తెగింది. లండనులో కోయించగా 140 కారట్ల పైచిలుకు మిగిలింది. 1717లో ఫ్రాన్సు రీజెంటుకు 1,35,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. ఆరున్నర రెట్లు! ‘రీజెంట్’ అనే ఆ వజ్రం నేడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. త్రవ్విన చేతికి ఏమి ముట్టిందో ఏ పుస్తకంలోనూ లేదు. ఏడాదికి 3 వరహాల కూలితో లెక్క వేస్తే, జాంచంద్ అందుకున్న సొమ్ము 16,000 మందికి ఒక ఏడాది కూలి.

నేటి మాట

1720ల తర్వాత బ్రెజిల్ వజ్రాలు వచ్చి మన గనులు వెనుకబడ్డాయి. 2013లో పులిచింతల ప్రాజెక్టు ప్రారంభమైన తర్వాత పాత కొల్లూరు నీట మునిగింది. అయినా వజ్రాల వేట ఆగలేదు. ఎన్.టి.ఆర్. జిల్లా గుడిమెట్లలోను, రాయలసీమలో వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి పొలాల్లోను తొలకరి వానలకు జనం నేటికీ రాళ్లు ఏరుతున్నారు. దొరికినవాడు గుట్టుగా స్థానిక వర్తకునికి అమ్ముకొంటాడు. ఇంటికి పోయేలోగా దాని అసలు ధర అతనికి తెలియదు. నాలుగు వందల ఏండ్లలో మారనిది ఇదే.

మన పెన్షనర్లకు కూడా ఇందులో ఒక పాఠం ఉంది. గ్రాట్యుటీ చేతికి రాగానే జాతిరత్నం ధరించమని, రత్నాలలో డబ్బు పెట్టమని చెప్పేవారు తయారవుతారు. నేడు వజ్రానికి తూకం, రంగు, నైర్మల్యం, కోత అని నాలుగు కొలతలున్నాయి. కారటు అంటే సరిగ్గా 200 మిల్లీగ్రాములు. అయితే కెంపులలో పగుళ్లను గాజుతో నింపుతున్నారు, నీలాలకు వేడితో రంగు తెప్పిస్తున్నారు, ప్రయోగశాలలో అసలు వజ్రాన్నే పెంచుతున్నారు. దీపం వెలుగులో, చెట్టు నీడలో ఇవి తేలవు. కనుక అమ్మేవాడు కాక వేరొక ప్రయోగశాల ఇచ్చిన సర్టిఫికెట్టు చూడండి. కొనేముందే, రేపు తిరిగి ఎంతకు కొంటావని అదే దుకాణంలో అడిగి కాగితం మీద వ్రాయించుకోండి. ఆ రెండు అంకెల మధ్య తేడా చూచిన తర్వాత కూడా కొనాలనిపిస్తే, సరదాకు కొనండి, పొదుపు అనుకొని మాత్రం కొనకండి. వెల తెలియనివాడు గోతిలో ఉన్నా, దుకాణంలో ఉన్నా, నష్టం అతనిదే.