తిమిరి చేప నుండి టెన్స్ యంత్రం దాకా

"డాక్టరుగారూ, నాలుగు రోజులు కరెంటు పెట్టిస్తే ఈ నొప్పి పోతుందాండీ?"

ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో మోకాళ్ల నొప్పులవారు, పక్షవాత రోగుల బంధువులు నన్ను తరచుగా అడిగిన ప్రశ్న ఇది. దీనికి దాదాపు రెండు వేల సంవత్సరాల చరిత్ర ఉన్నది. సమాధానమూ ఆ చరిత్రలోనే ఉన్నది.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో స్క్రిబోనియస్ లార్గస్ అనే రోమన్ వైద్యుడు గౌట్ నొప్పికి ఒక విచిత్ర చికిత్స వ్రాశాడు. రోగిని తడి సముద్రతీరంలో నిలబెట్టి, పాదాల క్రింద బ్రతికి ఉన్న టార్పెడో చేపను ఉంచాలి. కాలు మోకాలి వరకు మొద్దుబారేదాకా అలాగే ఉండాలి. ఆ చేప శరీరంలో విద్యుత్తు పుడుతుందని అప్పటికెవరికీ తెలియదు. ఇటువంటి చేపలు మన తీరంలోనూ ఉన్నాయి. విశాఖపట్నం చేపలపై పాట్రిక్ రసెల్ 1803లో ప్రచురించిన గ్రంథంలో 'తిమిరి' అన్న స్థానిక నామం నమోదైంది. తాకితే తిమ్మిరెక్కించే చేపకు అంతకంటె తగిన పేరేముంటుంది?

విద్యుత్తును నిలువచేసే లైడెన్ జాడీ 1745-46లో రూపొందింది. ఆ వెంటనే ఐరోపా, అమెరికాలలో విద్యుత్ చికిత్స వ్యామోహంగా మారింది. పక్షవాత రోగులు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంటికి వెళ్లి షాకులు ఇప్పించుకొనేవారు. తొలి రోజులలో చచ్చుబడిన అవయవాలలో కొంత చురుకుదనం కనిపించేది. అయిదవ రోజు తరువాత మెరుగుదల ఆగిపోయేది. రోగులు నిరాశతో వెనుదిరిగేవారు. శాశ్వతమైన మేలు తాను చూడలేదని ఫ్రాంక్లిన్ 1757లో ఒక లేఖలో ఒప్పుకొన్నాడు. కనిపించిన కొద్దిపాటి మేలుకు కూడా రోగులు ప్రయాణం చేసి రోజూ తన ఇంటికి నడచి రావడం, నయమవుతుందన్న ఆశ కారణాలు కావచ్చునని సందేహించాడు. వైద్యుడు కాని ఆ మహనీయుని నిజాయితీ వైద్యులందరికీ ఆదర్శం.

1831లో ఫారడే కనుగొన్న ప్రేరిత విద్యుత్తుతో, ఫ్రాన్సులో డుషేన్ ఒక్కొక్క కండరాన్ని చర్మం మీదుగానే విడివిడిగా కదిలించగలిగాడు. 1855లో వెలువడిన ఆయన గ్రంథం ఈ చికిత్సకు శాస్త్రీయమైన పునాది వేసింది. మరొకవైపు సర్వరోగ నివారిణులంటూ విద్యుత్ బెల్టులు అమ్మిన వ్యాపారులు దానికి అపకీర్తి తెచ్చారు.

గౌరవం తిరిగి వచ్చింది 1965లో. మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు వెన్నుపాములో నొప్పి సంకేతాలను అదుపుచేసే 'ద్వారం' వంటి ఏర్పాటు ఉన్నదని ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట చేతితో రుద్దుకొంటే ఉపశమనం కలుగుతుంది కదా! స్పర్శను మోసే లావు నరాలు ఉత్తేజితమైతే ఆ ద్వారం కొంత మూసుకొంటుంది. స్వల్ప విద్యుత్తుతో ఆ నరాలనే ఉత్తేజపరచి నొప్పి తగ్గించవచ్చునని 1967లో వాల్, స్వీట్ చూపించారు. నేటి టెన్స్ యంత్రానికి ఆధారం ఇదే.

అయితే టెన్స్ వల్ల కలిగే ఉపశమనం ప్రధానంగా యంత్రం నడుస్తున్నంతసేపూ, ఆపిన తరువాత కొద్దిసేపూ మాత్రమే. అది అరిగిన కీలును బాగుచేయదు. కండరాలను కదిలించే యంత్రాలు వేరు. పక్షవాతంలో అవి వ్యాయామానికి తోడ్పడతాయే గాని వ్యాయామానికి బదులు కావు.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు, మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు వైద్యుని అడగకుండా ఈ యంత్రాలను వాడరాదు. మెడ ముందుభాగాన ఎవరూ పెట్టుకోరాదు. కారణం తెలియని నొప్పిని ముందుగా పరీక్ష చేయించుకోవాలి. దానిని మొద్దుబార్చి ఊరుకొంటే అసలు రోగం లోపల ముదరవచ్చు.

కనుక నా సమాధానం ఇది: కరెంటు పెట్టించుకోండి, తప్పులేదు. ఆ ఉపశమనం ఉన్న కాస్త సమయంలో లేచి నడవండి, చెప్పిన వ్యాయామం చేయండి. ఫ్రాంక్లిన్ అనుమానించినట్లు, మేలు చేసేది ఆ నడకే కావచ్చు.